బదులు నెత్తురు

సూది గుచ్చితే భ్రమరాంబే గుచ్చాలి అనేవారు ఆ ఆసుపత్రిలో. ఆసుపత్రి పేరు మనకెందుకు, విశాఖపట్నంలో కడుపుతో ఉన్న పేద ఆడవాళ్ళు మెట్లెక్కే ధర్మాసుపత్రుల్లో ఒకటి అనుకోండి, చాలు. అక్కడి లేబ్‌లో ఆవిడ పందొమ్మిదేళ్ళు పనిచేసింది. ఎంత సన్నటి నరమైనా వేలి కొసతో తడిమి పట్టేది, రెండోసారి పొడిచేది కాదు. పట్టేది నరాన్నే సుమండీ, మొహాన్ని చూసేది కాదు. రోజుకి డెబ్భై చేతులు ఆ బల్ల మీదకి వచ్చేవి. కార్డు చూడ్డం, నంబరు రాయడం, రబ్బరు పట్టీ బిగించడం, "పిడికిలి బిగించు" అనడం, గుచ్చడం. ఆ చేతికి పైన ఒక మనిషి ఉంటుందన్న సంగతి ఆవిడ పట్టించుకునేది కాదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

పుట్టిల్లు పాలకొల్లు దగ్గర. మొగుడు వీర్రాజు ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగి, కాపురం ఉక్కునగరం క్వార్టర్లో. ఆయన ఎ షిఫ్టుకి సైకిలెక్కితే ఆవిడ ఊళ్ళోకి బస్సెక్కేది. చెడ్డ మనిషి కాదు. అసలు గొడవంతా అక్కడే వచ్చింది, చెడ్డ మనిషైతే ఇంత నాశనం చేసి ఉండేది కాదు. జాలిగుండె, దానికి తోడు నోట్లో నువ్వుగింజ నానదు. మధ్యాహ్నం కేరేజీ తిన్నాక లేబ్‌లో ఓ మూల కూర్చుని రామకోటి రాసుకునేది. ఎర్ర అట్ట పుస్తకం, గళ్ళు గళ్ళు, గడికో శ్రీరామ. కలెక్టరు వచ్చినా ఆ పుస్తకం ముట్టుకోడు కదా.

తొంభైల చివర్లో ఆ ఆసుపత్రికి ఎయిడ్స్ సర్వే వచ్చింది. సర్వే చూసేది డాక్టర్ మోహనకృష్ణ గారు, కృష్ణా జిల్లా మనిషి, మెత్తగా మాట్లాడతారు, లెక్క దగ్గర మాత్రం రాయి. మొదటి రోజునే ఆయన భ్రమరాంబని కూర్చోబెట్టి చెప్పారు.

"మంచాన పడ్డవాళ్ళు అందరికీ కనిపిస్తారమ్మా, వాళ్ళని లెక్కపెట్టడం ఏం గొప్ప? ఈ వైరస్సు ఏడెనిమిదేళ్ళు ఒంట్లో చప్పుడు చెయ్యకుండా కూర్చుంటుంది. జ్వరముండదు, దగ్గుండదు. మనిషి నిక్షేపంలా తిరుగుతుంటాడు. అలాంటివాళ్ళు ఊళ్ళో ఎంతమందున్నారో మనం తేల్చాలి."

"పిలిచి పరీక్ష చేస్తే తేలదాండీ?"

"అనుమానం ఉన్నవాళ్ళని పిలిస్తే లెక్క ఎక్కువొస్తుంది. ఇష్టమున్నవాళ్ళు రండి అంటే, ఉన్నవాళ్ళే భయపడి మానేస్తారు, తక్కువొస్తుంది. అందుకని కడుపుతో వచ్చిన ప్రతి మనిషీ, ఏరకుండా, వరసగా నాలుగు వందల మంది. వాళ్ళ గ్రూపు పరీక్షకి ఎలాగూ రక్తం తీస్తావు. అందులో మిగిలింది వేరే గొట్టంలో పొయ్యి. దాని మీద సర్వే నంబరే ఉండాలి, పేరుండకూడదు. ఎవరిదో నాకు తెలియకూడదు, నీకు తెలియకూడదు, వాళ్ళకీ తెలియకూడదు."

"వాళ్ళకి కూడానా?"

"వాళ్ళకి కూడా. ఎవరు అన్నది మనకి అక్కర్లేదమ్మా. ఎంతమంది అన్నదే కావాలి."

మొదటి ఏడాది పరీక్ష ప్లేటులో ఐదు గుంటలు పసుపు రంగుకి తిరిగాయి, అంటే ఐదుగురి రక్తంలో వైరస్సుంది. పసుపంటే శుభమని నమ్మిన ఇంట్లో పుట్టిన మనిషికి ఆ రోజు అన్నం సహించలేదు. ఆ ఐదుగురూ మళ్ళీ నెల ఇవే మెట్లెక్కుతారు, బలం మాత్రలు పుచ్చుకుని పోతారు. వాళ్ళలో ఎవరికీ ఏమీ తెలియదు. తెలిసిన గొట్టానికేమో పేరు లేదు. "ఇదేం న్యాయమండీ, చెప్పకుండా ఉండటానికా చూసేది?" అని ఆవిడ ఇంటికెళ్ళి వీర్రాజు మీద అరిచింది. ఆయన నైట్ షిఫ్టు చేసొచ్చి పడుకున్న మనిషి, అటు తిరిగి పడుకున్నాడు.

రెండువేల రెండులో ఆసుపత్రికి ఒక మాత్ర వచ్చింది. నొప్పులు మొదలవగానే తల్లి ఒక్కటి మింగితే బిడ్డకి సోకే ప్రమాదం సగానికి సగం తగ్గుతుందట. తమంతట తాము వచ్చి పరీక్ష చేయించుకుని, ఉందని తేలినవాళ్ళకే ఆ మాత్ర. పరీక్ష గది తలుపు మీద ఎయిడ్స్ గుర్తుగా ఇంత ఎర్ర బొమ్మ అంటించి, ఎదురుగా వంద మంది కూర్చునే బెంచీలు వేశారు. ఆ గదిలోకి ఎవరెళ్తారు చెప్పండి! మాత్రలు అలమరలో ఉండిపోయాయి. అలమర తాళంచెవి భ్రమరాంబ దగ్గర ఉంది.

ఇక ఆగలేకపోయింది. ఆ ఏడు సర్వే మొదలయ్యాక, గొట్టం మార్చి పేరు చీటీ చింపే ముందు, సర్వే నంబరూ పేరూ తేదీ రామకోటి పుస్తకంలో శ్రీరామల మధ్య గడిలో ఎక్కించడం మొదలుపెట్టింది. ఎవరికీ అనుమానం రాలేదు. దేవుడి పుస్తకంలో దొంగరాతలు రాస్తున్నానన్న భయం కూడా ఆవిడకి కలగలేదు, ఎవరో ఒక బిడ్డని బతికిస్తున్నానన్న గర్వమే కలిగింది. పుణ్యానికి పోతే పాపం ఎదురొస్తుందని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

రెండు వందల పదిహేడో గొట్టం పసుపు తిరిగింది. ఇంకో రకం కిట్టుతో మళ్ళీ చూస్తే మళ్ళీ తిరిగింది. పుస్తకం తీస్తే ఆ గడిలో ఉన్న పేరు తాయారు, జాలరిపేట.

తాయారు తర్వాతి నెల వచ్చినప్పుడు భ్రమరాంబ మొట్టమొదటిసారి తల ఎత్తి మొహం చూసింది. ఆరో నెల కడుపు, దవడలు లోపలికి పోయి, మెడ దగ్గర ఎముకలు తేలి, ఉండుండి పొడి దగ్గు. పక్కనే తోడికోడలు నూకాలు. దానికీ కడుపే, ఓ నెల ముందు. నిగనిగలాడుతూ, బుగ్గలు పూరీల్లా పొంగి, తాయారు బుట్ట కూడా తనే పట్టుకుని నవ్వుతూ నిలబడింది. ఇద్దరూ ఎప్పుడూ కలిసే వచ్చేవారు. వీళ్ళిద్దర్లో ఎవరికి రోగం అంటే గుడ్డివాడైనా తాయారునే చూపిస్తాడు. మోహనకృష్ణ గారు చెప్పిన మొదటి మాటే అది కదా, చూస్తే తెలియదని! నాలుగేళ్ళు ఆ లెక్కల్లోనే చేతులు ముంచిన మనిషి, "అయ్యో, చూడగానే తెలిసిపోతోంది" అనుకుంది.

తాయారుని దూది, సీసాలు పెట్టే గదిలోకి పిలిచి చెప్పేసింది. తాయారు కిటికీ ఊచ పట్టుకుంది.

"నానేటి సేసినానమ్మా?"

"నువ్వేం చెయ్యలేదే తల్లీ. మీ ఆయన వల్ల వచ్చుంటుంది."

"నా కడుపులో గుంటకీ వత్తాదా?"

కడుపులో బిడ్డ మాట ఎత్తేసరికి భ్రమరాంబ అలమరలోంచి దొంగతనంగా తీసిన మాత్రని కాగితంలో చుట్టి చేతిలో పెట్టింది. "నొప్పులు రాగానే మింగు. మరిచిపోకు. నేను చెప్పానని ఎవరికీ చెప్పకు, నా ఉద్యోగం పోతుంది."

ఇంకోసారి పరీక్ష చేయించుకో అనాల్సింది. ఆ మాట నాలుక మీదకి వచ్చింది కూడా. కానీ ఎర్ర బొమ్మ గదిలోకి పంపితే, నిన్నెవరు పంపారని అడుగుతారు. రెండుసార్లు చూశాం, మూడోసారి ఎందుకులే అని సర్దిచెప్పుకుంది. జాలి ఉంది, ధైర్యం లేదు. అలాంటివాళ్ళు ఊరికి చేసే చేటు ఇంతా అంతా కాదు.

తాయారు పదకొండు రోజులు ఆ మాటని కడుపులోనే పెట్టుకుంది. జాలరిపేటలో ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. పెద్దవాడు అప్పలరాజు తాయారు మొగుడు, తెప్ప మీద వేటకెళ్తాడు. చిన్నవాడు కన్నబాబు నూకాలు మొగుడు, మరబోటెక్కి పారాదీప్ దాకా పోయి నెలల తరబడి అక్కడే ఉంటాడు. అత్త కాసులమ్మ నోరు తెరిస్తే అలలు ఆగుతాయి. పన్నెండో రోజు నూకాలు తాయారు కంచంలో చెయ్యి పెట్టబోతే తాయారు కంచం లాగేసుకుంది. తనది తనకే ఉండనీ, చెల్లెల్లాంటి పిల్లకి అంటకూడదని ఆ పిచ్చిది అనుకుంది. "ఏటప్పా?" అని నూకాలు అడిగితే ఏడుస్తూ అంతా చెప్పింది, కొంగుముడి విప్పి మాత్ర చూపించింది.

నూకాలు చెయ్యి కడుక్కుని తిన్నగా అత్త దగ్గరికి పోయింది.

పేటంతా వినేలా కాసులమ్మ అరిచిన మాటలు ఇక్కడ రాయను. గిన్నెలు ఇసకలోకి వచ్చాయి, చాప వచ్చింది, చీరలు వచ్చాయి, చివరికి తాయారు వచ్చింది. అప్పలరాజు అప్పుడే వేట నుంచి వచ్చి వల మోసుకుంటూ నిలబడ్డాడు. తనకీ పరీక్ష చేయించుకోవాలని గానీ, పెళ్ళాం ఏమంటోందో విందామని గానీ తోచలేదు వెధవకి. వల దించి తల వంచుకున్నాడు. అందరికంటే పెద్ద గొంతు నూకాలుదే.

"దీన్నింకా ఇంట్లో ఉంచుతావేటత్తా? నా కడుపులో గుంటుంది!"

తాయారు కొంగుముడి పట్టుకుని గుంజి, కాగితం చుట్టిన మాత్రని లాక్కుంది. "ఈ రోగం మందు మనింట్లో ఉండకూడదు" అని నీళ్ళ దాకా పరిగెత్తి సముద్రంలోకి విసిరింది. తిరిగొచ్చి, ఆ మాత్ర పట్టుకున్న చేతిని ఇసకతో మూడుసార్లు తోముకుంది.

తాయారు భీమిలి అవతల పుట్టింటికి చేరింది. నెల తిరిగేసరికి కాసులమ్మ అప్పలరాజుకి మారుమనువు చేసింది. నూకాలుకి పుష్యమాసంలో మగపిల్లాడు పుట్టాడు, ఇంట్లోనే, మంత్రసాని చేతిలో. ఇంత మంచి కోడలు ఎవరికి దొరుకుతుందని కాసులమ్మ సింహాచలం అప్పన్నకి మొక్కు తీర్చుకుంది.

జూన్ నెలలో ఒక మధ్యాహ్నం తాయారు లేబ్ గుమ్మంలోకి వచ్చింది. చంకలో నాలుగు నెలల ఆడపిల్ల. తాయారు ఇంకా సన్నమే, దగ్గు మాత్రం లేదు. ఒక కాగితం బల్ల మీద పెట్టింది.

"కాన్పయిన కాడ నెత్తురు సూసినారమ్మా. నానే సెప్పినాను, నాకీ రోగముంది, గుంటని కాపాడండని. ఆళ్ళు మూడు మాట్లు సూసినారు. లేదన్నారు. ఇదేటమ్మా?"

భ్రమరాంబకి ముందు కోపం వచ్చింది, ఎవడో చేతకానివాడు చూసుంటాడని. రామకోటి పుస్తకం తీసింది. రెండు వందల పదిహేడు, తాయారు, సెప్టెంబరు పదిహేడు, మంగళవారం.

"ఇదిగో, నీ రక్తమే. ఈ మంగళవారం నేనే తీశాను."

తాయారు వేళ్ళు మడిచి రోజులు లెక్కేసుకుంది. "వినాయకుడి పండగ ఎల్లిన మంగలారమేటి? ఆ రోజు నాను రాలేదమ్మా. పెద్ద వంజరం సేపలు పడ్డాయి, వేలం కాడ ఉండిపోనాను. నా కారట్టు పట్టుకుని మా నూకాలు నుంచుంది."

భ్రమరాంబకి అర్థం కాలేదు. "నుంచోవడం ఏమిటి? రక్తం ఎవరిచ్చారు?"

"నూకాలే ఇచ్చినాది. కారట్టు మీద ముద్దర పడాలి కదేటి, ముద్దర లేపోతే కాన్పుకి రానీరన్నారు. దాని ముద్దర ముందునెలే పడిపోనాది. మరందుకే నాకు బదులు నుంచుంది."

మోసం కాదది. జాలరిపేటలో కుళాయి దగ్గర నూకాలు బిందె తాయారు పడుతుంది, కిరసనాయిలు వరసలో తాయారుకి నూకాలు నిలబడుతుంది, వేలం దగ్గర ఒకరి బుట్ట ముందు ఇంకొకరు కూర్చుంటారు. అలా బదులు నిలబడకపోతే అక్కడ ఏ ఇల్లూ గడవదు. ఆసుపత్రిది ఇంకో వరస. కార్డు మీద ముద్ర కోసం వసూలు చేసే పన్ను అది అనుకున్నారు వాళ్ళు, ఎవరిచ్చినా ఒకటే అనుకున్నారు. ఆ నెత్తురు ఎందుకు తీస్తున్నారో ఒక్కరైనా చెప్పారా? బల్ల అవతల కూర్చున్న మహాతల్లి తల ఎత్తి చూసిందా?

తాయారు తెలివితక్కువది కాదు. ఆ రోగం ఉన్నది నూకాలుకని భ్రమరాంబ మొహం చూసే పోల్చుకుంది. మాత్ర సముద్రంలో పడిన సంగతి అప్పుడే చెప్పింది. చెప్పి, పిల్లని భుజాన వేసుకుంది.

"దాని గుంటడు పాలు తాగుతన్నాడమ్మా. నాకు సెప్పినావు కదా, దానికీ సెప్పు. నాను మాత్రం రాను."

భ్రమరాంబ ఆ సాయంత్రమే మోహనకృష్ణ గారి గదిలోకెళ్ళి అంతా ఒప్పుకుంది. ఏడ్చింది. ఆయన కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నారు.

"ఉద్యోగం తియ్యను. తీస్తే కారణం రాయాలి, రాస్తే సర్వే ఆగుతుంది. అలమర తాళంచెవి ఇచ్చెయ్యి. ఆ పుస్తకంలో పేజీలు చింపెయ్యి."

"మరి లెక్క తప్పయింది కదండీ, వేరేవాళ్ళ రక్తం..."

"తప్పెక్కడుంది? వచ్చిన నాలుగు వందల మందిలో ఒంట్లో వైరస్సున్న మనిషి ఒకరు అదనంగా ఉన్నట్టు తేలింది. ఆ మనిషి నిజంగానే ఉంది. లెక్క సరిగ్గానే ఉంది భ్రమరాంబా. నువ్వే తప్పు."

మర్నాడు సెలవు పెట్టి జాలరిపేట వెళ్ళింది. అరుగు మీద నూకాలు పిల్లాడికి పాలిస్తోంది. పిల్లాడు ముద్దగా బొద్దుగా ఉన్నాడు. భ్రమరాంబ గొంతు తగ్గించి నూకాలుకి ఒక్కర్తెకే చెబుదామనుకుంది, కానీ కాసులమ్మ వచ్చేసింది.

"ఓలమ్మో! నువ్వేనేటి ఆ సూదిమనిషివి? తొల్త దాన్నన్నావు. ఇప్పుడు దీన్నంటన్నావు. రేపొద్దున నన్నంటావేటి?"

"ఒక్కసారి పరీక్ష చేయిస్తే చాలమ్మా. పిల్లాడి కోసం. పోతపాలు పడితే..."

"నాకేటి రోగం?" నూకాలు లేచి నిలబడింది. "సూడు నన్ను! సూడు నా గుంటడ్ని! ఒక్క రోజు తుమ్మినానేటి?"

చూసింది భ్రమరాంబ. ఎక్కడా రోగం జాడ లేదు. లేకపోవడమే ఆ రోగమని వాళ్ళకి ఏ భాషలో చెప్పాలో ఆవిడకి తెలియలేదు. కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడిందన్నట్టు, ఒకసారి తప్పు చెప్పిన నోటికి రెండోసారి నిజం చెప్పే అర్హత పోయింది. పేట ఆడవాళ్ళు పోగయ్యారు. ఎవరో చేపల కడుగునీళ్ళు ఆవిడ మీద పోశారు. బస్సులో పక్కన ఎవరూ కూర్చోలేదు.

పిల్లాడు ఏడాది నిండే దాకా బాగానే ఉన్నాడు. తర్వాత విరేచనాలు పట్టుకున్నాయి. నోట్లో తెల్లపూత, ఎండిన కాళ్ళు, ఆపైన ఆయాసం. ఏడాదిన్నర నిండకుండానే పోయాడు. పేటలో గుసగుసలు మొదలయ్యాయి, ఆ సూదిమనిషి అన్నదే నిజమేమోనని. కాసులమ్మ గుసగుసలు భరించే మనిషి కాదు. నూకాలుకి మళ్ళీ కడుపు నిలిచేసరికి ఒకటే మాట అంది. "ఆ ఆసుపత్రి కాగితమే తే. లేదని రాయించి తే. లేపోతే మీ అప్ప ఎల్లిన దారుంది."

రెండువేల నాలుగు నాటికి పద్ధతి మారింది. సర్వే ఒక పక్క జరుగుతూనే ఉంది, ఇంకో పక్క ఒప్పుకున్న గర్భిణులకి పేరుతోనే పరీక్ష, పేరుతోనే కాగితం. ఉందని కాగితం వస్తేనే మాత్ర. లేదని వస్తే మాత్ర లేదు.

సెప్టెంబరులో ఒక పొద్దున బల్ల మీదకి ఒక నల్లటి సన్న చెయ్యి వచ్చింది. కార్డు మీద నూకాలు, జాలరిపేట అని ఉంది. భ్రమరాంబ ఇప్పుడు ప్రతి మొహాన్నీ చూస్తుంది. ఆ మొహం నూకాలుది కాదు. ఇరవయ్యేళ్ళ పిల్ల ఎవరో, కడుపుతోనే ఉంది, నేల చూపులు చూస్తోంది.

"నీ పేరు?"

"నూకాలు."

తలుపు దగ్గర అసలు నూకాలు నిలబడి ఉంది, కొంగు నెత్తి మీదుగా కప్పుకుని. బుగ్గలు ఇంకా నిండుగానే ఉన్నాయి. భ్రమరాంబ లేచి దాని దగ్గరికి వెళ్ళింది.

"నూకాలూ, నువ్వే రా. మాత్ర ఇప్పిస్తాను. ఈ బిడ్డయినా దక్కుతుంది. ఎవరికీ చెప్పం."

నూకాలు ఆవిడ కళ్ళలోకి చూసింది.

"నువ్వా? నువ్వు సెప్పవా?"

ఇక్కడ ఆపితే నూకాలు గిన్నెలు కూడా ఇసకలోకి వస్తాయి. ఆపకపోతే ఆ కడుపులోది మొదటివాడి దారిన పోవచ్చు. ఈసారి మోహనకృష్ణ గారికైనా చెప్పొచ్చు, కాసులమ్మకి చెప్పొచ్చు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, నోరు కట్టుకోవాల్సినప్పుడు విప్పింది, విప్పాల్సిన రోజున కట్టుకుంది. వచ్చి కుర్చీలో కూర్చుంది, ఆ పిల్ల చేతికి రబ్బరు పట్టీ బిగించింది.

"పిడికిలి బిగించు" అంది.

సూది ఒక్కసారికే దిగింది. ఆ నెత్తురులో సగం పేరు పరీక్షకీ, సగం సర్వే గొట్టంలోకీ పోయింది. ప్లేటులో ఆ గుంట పసుపు తిరగలేదు. నూకాలు లేదన్న కాగితం చేత పట్టుకుని అత్త దగ్గరికి పోయింది. ఆ ఏడాది సర్వేలో ఒకటి తగ్గింది, మోహనకృష్ణ గారు రిపోర్టు మీద సంతకం పెడుతూ, "మంచిదే, తగ్గుతోంది" అన్నారు.

తాయారు ఇప్పుడు కూతుర్ని వెంటబెట్టుకుని ఉక్కునగరం సెక్టార్లలో "సేపలో!" అని కేకేస్తూ తిరుగుతుంది. భ్రమరాంబ క్వార్టరు ముందుకి వచ్చేసరికి మాత్రం కేక ఆపేసి, ఆ ఇల్లు దాటాక మళ్ళీ మొదలుపెడుతుంది.